అలుగు కొత్తది, పిడి పాతది

పల్నాటి వీరుల ఆయుధాలను కొణతాలంటారు. ఏటా కార్తీక అమావాస్యకి వీరాచారం పాటించే కుటుంబాలవాళ్లు వాటిని కారంపూడి తీసుకొస్తారు. నాగులేరులో స్నానం చేయించి, పసుపు కుంకుమలు పెట్టి ఊరేగిస్తారు. రాచగావుతో మొదలై కల్లిపాడుతో ముగిసే ఐదు రోజుల తిరునాళ్ల అది. పల్నాటి యుద్ధం 1182 ప్రాంతంలో జరిగిందని చరిత్రకారుల అంచనా. కాబట్టి బయటినుంచి వెళ్లినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "ఇవి అప్పటివేనా?"

నాకు ఆ ప్రశ్నలోనే తిరకాసు కనబడుతుంది. కత్తి అంటే ఒకే వస్తువు కాదు. అలుగు, పిడి, రెంటినీ కలిపే రివెట్లు, ఒర. ఒక్కోదాని వయసు ఒక్కోలా ఉండొచ్చు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది తెలిసిన సంగతే. ఇరవై ఏళ్ల ప్రోగ్రాంలో మొదటి రోజు రాసిన వరుస ఒక్కటి మిగలకపోవచ్చు, అయినా దాన్ని పాత పేరుతోనే పిలుస్తాం. తేడా ఏంటంటే, ఏ వరుస ఎప్పుడు మారిందో మా దగ్గర నమోదై ఉంటుంది. కత్తికి ఆ చిట్టా ఇనుములోనే ఉంటుంది, చదువుకోవాలి.

దీనికి మంచి ఉదాహరణ తంజావూరు కటారులు. చెన్నై మ్యూజియంలో అక్కడి ఆయుధశాలవి చాలా ఉన్నాయి. చేతిని కప్పే పడగలాంటి రేకు, పిడి మీద చెక్కడం చూస్తే విజయనగర, నాయకరాజుల కాలపు దక్షిణాది పని. అలుగు మాత్రం కొన్నింటికి యూరప్‌నుంచి దిగుమతైన కత్తిది. పొడవాటి కత్తిని కోసి పొట్టి ఆయుధానికి బిగించారన్నమాట. అలుగు మీది గాడి పిడి కిందికి దూరిపోయి ఉంటే, అది వేరే కత్తికోసం పుట్టిన అలుగేమోనని అనుమానించాలి. అలాగని అది నకిలీ అయిపోదు. ఆ మార్పు కూడా పదహారు, పదిహేడో శతాబ్దాల చరిత్రే.

కరెంటు వెల్డింగ్ చుక్కలు, మిషన్‌మీద తీసిన మరల స్క్రూలు అలా కాదు. అవి నిన్నమొన్నటి చేతిపనిని పట్టిస్తాయి. గ్రైండర్ పెట్టి తళతళలాడించిన అలుగు అన్నిటికంటే కష్టం. తుప్పు తిన్న గుంటలు, సానపట్టి అరిగిన అంచు, సందుల్లో గట్టిపడ్డ పసుపు, అన్నీ పోతాయి. మురికి అనుకుని మనం తీసేసేది సాక్ష్యం.

కథ విషయంలో మనం ఇంత పట్టుబట్టం. శ్రీనాథుడు పదిహేనో శతాబ్దం వాడు, యుద్ధానికి రెండు వందల ఏళ్లకి పైగా తర్వాతివాడు. వీరవిద్యవంతులు పాడే కథ నోటినుంచి నోటికి మారుతూ వచ్చింది. జీన్ రోగైర్ 1974లో ఆలిశెట్టి గాలెయ్య పాడింది రికార్డు చేసి, 1982లో ఇంగ్లీషులో పుస్తకం తెచ్చారు. అది 1182 నాటి మాట కాదు కాబట్టి విలువ లేదని ఎవరూ అనలేదు. కత్తికీ అదే మర్యాద ఇవ్వొచ్చు కదా. కమ్మరి కొలిమిలో కొత్త అలుగు పోసుకున్నా, దాన్ని మోసే కుటుంబం, పూజ, తిథి మారకపోతే అది కొణతమే. అయితే "ఇదే బ్రహ్మనాయుడు పట్టింది" అనే మాట వేరు. అది ఇనుము గురించి చెప్పే మాట కాబట్టి, ఇనుమే సాక్ష్యం ఇవ్వాలి.

ఇదంతా ఉత్త చర్చ కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. పాత పిడికి కొత్త అలుగు వేసిన కత్తికి వయసు ఎలా లెక్కపెడతాం? వ్యాపారికైతే ఇబ్బంది లేదు. అమ్మేటప్పుడు పిడి వయసు చెప్తాడు, సరిహద్దు దాటించేటప్పుడు అలుగు వయసు చెప్తాడు.

పూజలో ఉన్న కొణతాలను ల్యాబుకి పంపమని నేననను. అవి ఆ ఇళ్లవాళ్లవి. కానీ బాగుచేయించే ముందు ఒక ఫోటో, బాగుచేసిన కమ్మరి పేరు, తేదీ ఒక నోటుబుక్కులో రాసుకోవడం కష్టం కాదు. తీసేసిన అలుగుని పాత ఇనుము కింద తూకానికి వెయ్యకుండా గుడ్డలో చుట్టి దాచడం ఇంకా సులువు. వందేళ్ల తర్వాత "ఇవి అప్పటివేనా?" అని ఎవరైనా అడిగితే, ఏది ఎప్పటిదో ఆ ఇంటివాళ్లే చెప్పగలుగుతారు.