వెబ్ కథాపటాలు

ఒక సంఘటననో, ప్రయాణాన్నో, సామాజిక స్థితినో భౌగోళిక పటం మీద అంచెలంచెలుగా వివరించడానికి బ్రౌజర్‌లో పనిచేసేలా తయారుచేసిన పటాలను వెబ్ కథాపటాలు అంటారు. స్టోరీ మ్యాప్‌లు అన్న పేరు కూడా వీటికి వాడుకలో ఉంది. చదువరి ఒక పేరా దాటి కిందికి జరిగినప్పుడు గాని, ఒక గుర్తును తాకినప్పుడు గాని పటం తన కేంద్రాన్ని, జూమ్ స్థాయిని, పైనున్న సమాచారాన్ని మార్చుకుంటుంది. పక్కనున్న వచనం, ఛాయాచిత్రం, ధ్వని ఆ స్థలానికి తగినట్లు మారతాయి. ఇటువంటి పటంలో మూడు అంశాలు ఇమిడి ఉంటాయి: నేలను, నదులను, రోడ్లను చూపే ఆధార పటం, దాని మీద పొరలుగా పరిచే ప్రత్యేక సమాచారం, ఆ రెండింటినీ ఏ వరుసలో చూపాలో నిర్ణయించే కథనక్రమం. అచ్చు పటంలో ఈ మూడూ ఒకే కాగితం మీద విడదీయరానివిగా ఉండేవి. అవి క్రమంగా విడివడి, వేర్వేరు చేతుల్లో తయారై, తిరిగి చదువరి తెర మీద కలుసుకోవడమే ఈ ప్రక్రియ చరిత్రకు వెన్నెముక.

అచ్చులో కథనం

పటం ద్వారా వాదించడం, జరిగినదాన్ని వరుసగా చెప్పడం వెబ్‌తో మొదలైనవి కావు. 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా ప్రబలినప్పుడు వైద్యుడు జాన్ స్నో, మరణాలు సంభవించిన ఇళ్ల దగ్గర మరణానికొక నల్లగీత చొప్పున గుర్తించి, ఆ గీతలు బ్రాడ్ స్ట్రీట్‌లోని నీటి పంపు చుట్టూ ఎలా గుమిగూడాయో చూపాడు. ఈ పటాన్ని చూశాకే అధికారులు పంపు పిడిని తీయించారని తరచుగా రాస్తుంటారు గాని అది సరికాదు. పిడిని తొలగించినది ఆ ఏడాది సెప్టెంబర్ 8న కాగా, పటం ఆ తరువాత తయారై, కలరా వ్యాప్తిపై స్నో రాసిన గ్రంథపు రెండవ కూర్పులో 1855లో అచ్చయింది. కనుక అది అత్యవసర చర్యకు తోడ్పడిన సాధనం కాదు, జరిగిపోయినదాన్ని చదువరికి నచ్చజెప్పడానికి కూర్చిన కథనం. కథాపటాల పూర్వచరిత్రలో దానికి చోటు దక్కవలసింది కూడా ఆ కారణం చేతనే.

ఫ్రెంచి ఇంజనీరు షార్ల్ జోసెఫ్ మినార్ 1869లో ప్రచురించిన పటం ఈ దిశలో మరొక మెట్టు. 1812లో రష్యా మీదికి దండెత్తిన నెపోలియన్ సైన్యాన్ని ఆయన 10,000 మందికి ఒక మిల్లీమీటరు వెడల్పు చొప్పున ఒక పట్టీగా గీశాడు. నీమెన్ నది దగ్గర 4,22,000 మందితో బయలుదేరిన ఆ పట్టీ మాస్కో వైపు సాగేకొద్దీ సన్నబడి, నల్లరంగులో వెనుదిరిగి, చివరికి 10,000 మందితో మొదలైన చోటికి చేరుతుంది. తిరుగు ప్రయాణంలో చలి ఏ మజిలీ దగ్గర ఎంత తీవ్రంగా ఉందో అడుగున వేరొక రేఖ తెలుపుతుంది. స్థలం, కాలం, సంఖ్య, వాతావరణం ఒకే చూపులో అందే ఈ కూర్పును మించినది తరువాతి కాలంలోనూ అరుదు. అయితే మినార్ గీసిన దారిని అనుసరించడమే తప్ప, దాన్ని ఒక చోట ఆపి మరికొంత చెప్పమని అడిగే అవకాశం చదువరికి లేదు.

ఆ అవకాశం కంప్యూటర్ వల్ల కలిగింది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1978లో రూపొందిన ఆస్పెన్ మూవీ మ్యాప్, కొలరాడోలోని ఆస్పెన్ పట్టణ వీధులను ముందుగా చిత్రీకరించి వీడియో డిస్కులలో భద్రపరచి, చూసేవారు తమకు నచ్చిన మలుపు తిరగగలిగేలా చేసింది. 1086 నాటి ఆంగ్ల భూమి లెక్కల పుస్తకానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన సందర్భంగా 1986లో బి.బి.సి. విడుదల చేసిన డోమ్స్‌డే ప్రాజెక్టు, బ్రిటన్‌ను 4 కిలోమీటర్ల పొడవు, 3 కిలోమీటర్ల వెడల్పు గల గడులుగా విభజించి, వేలాది పాఠశాలల పిల్లలు తమ తమ గడుల గురించి రాసిన వచనాన్ని, తీసిన ఛాయాచిత్రాలను పటానికి జతచేసింది. సామాన్యులు తమ ఊరి కథను తామే పటం మీద నమోదు చేసిన తొలి భారీ ప్రయత్నాలలో ఇది ఒకటి. కాని ఆ లేజర్ డిస్కులను చదవగల యంత్రాలు పదిహేనేళ్లు తిరిగేసరికి దాదాపు మాయమై, అందులోని సమాచారాన్ని వెలికితీయడానికి పరిశోధకులు ప్రత్యేకంగా పూనుకోవలసి వచ్చింది. మూల గ్రంథం మాత్రం చర్మపత్రాల మీద ఇప్పటికీ చదవడానికి వీలుగా ఉంది.

పలకలు, పొరలు

వెబ్‌లో తొలి ఇంటరాక్టివ్ పటంగా పరిగణించేది 1993 జూన్‌లో జెరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో స్టీవ్ పుట్జ్ రూపొందించిన మ్యాప్ వ్యూయర్. చదువరి ఒక చోట నొక్కితే ఆ కోరిక సర్వర్‌కు చేరేది. సర్వర్ కొత్త బొమ్మను గీసి పంపేది. పేజీ అంతా మళ్లీ తెరుచుకునేది. 1996లో వచ్చిన మ్యాప్‌క్వెస్ట్ వెబ్ పటాన్ని లక్షలాది ఇళ్లకు చేర్చినా పద్ధతి దాదాపు అదే. ప్రతి కదలికకూ ఒక నిరీక్షణ ఉన్నంతకాలం పటం మీద కథ నడపడం కష్టమే.

2005 ఫిబ్రవరి 8న వెలువడిన గూగుల్ మ్యాప్స్ ఈ నిరీక్షణను తొలగించింది. సిడ్నీలో లార్స్, యెన్స్ రాస్ముసెన్ సోదరులు మొదలుపెట్టిన ఒక చిన్న సంస్థ కృషి నుంచి పుట్టిన ఈ సేవ, పటాన్ని 256 పిక్సెళ్ల చదరపు పలకలుగా, అంటే టైల్స్‌గా, ముందే గీసి ఉంచి, తెర మీద కనిపించే భాగానికి అవసరమైన పలకలను మాత్రమే తెప్పించేది. జూమ్ స్థాయి సున్నా దగ్గర ప్రపంచమంతా ఒకే పలక; స్థాయి పెరిగినప్పుడల్లా ప్రతి పలకా నాలుగుగా విడిపోతుంది గనుక, పదవ స్థాయికి 10,48,576 పలకలు, వీధులు స్పష్టంగా కనిపించే పద్దెనిమిదవ స్థాయికి సుమారు 6,872 కోట్ల పలకలు అవుతాయి. ఇందుకు ఎంచుకున్న వెబ్ మెర్కేటర్ ప్రక్షేపం, అనగా గోళాకార భూమిని చదునుగా పరిచే గణిత పద్ధతి, వీధుల ఆకారాన్ని చక్కగా నిలుపుతుంది గాని ధ్రువాల వైపు వైశాల్యాలను విపరీతంగా పెంచుతుంది. గ్రీన్‌లాండ్ కన్నా పద్నాలుగు రెట్లు పెద్దదైన ఆఫ్రికా దానితో సమానంగా కనిపించే ఈ పటం మీద దేశాల వైశాల్యాలను పోల్చి కథ చెప్పబూనడం చదువరిని తప్పుదారి పట్టించడమే. ప్రపంచస్థాయి కథనాలకు వేరే ప్రక్షేపాన్ని ఎంచుకోవడం కథాపట రచయిత బాధ్యత.

ఆధార పటం ఇలా స్వతంత్ర వస్తువు కావడంతో దాని మీద ఇతరుల సమాచారాన్ని పరచాలన్న ఆలోచన వెంటనే పుట్టింది. పాల్ రాడెమాకర్ గూగుల్ కోడ్‌ను విప్పి చూసి, క్రెయిగ్స్‌లిస్ట్ అనే ప్రకటనల సైట్‌లో వచ్చే ఇళ్ల వివరాలను పటం మీద గుర్తించే హౌసింగ్‌మ్యాప్స్‌ను 2005లోనే తయారుచేశాడు. పాత్రికేయుడు ఏడ్రియన్ హోలోవాటీ షికాగో పోలీసుల నేర నివేదికలతో అదే పని చేశాడు. ఆ ఏడాది జూన్‌లో గూగుల్ తన పటాన్ని ఇతర సైట్లలో వాడుకునేందుకు అధికారికంగా అనుమతించింది. మరోవైపు స్టీవ్ కోస్ట్ 2004లో ప్రారంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, ఎవరైనా దిద్దగల, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆధార పటాన్ని స్వచ్ఛంద కార్యకర్తల చేత నిర్మింపజేసింది. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు వివిధ దేశాల కార్యకర్తలు ఉపగ్రహ చిత్రాలను చూస్తూ పోర్ట్ ఓ ప్రిన్స్ వీధులను కొద్ది రోజుల్లోనే గీసి సహాయ బృందాలకు అందించారు. ప్రజల చేత పటం గీయించే ఇదే భావనతో గూగుల్ 2008లో తెచ్చిన మ్యాప్ మేకర్ రూపకల్పనలో ప్రధాన పాత్ర తెలుగువాడైన కాట్రగడ్డ లలితేష్‌ది.

కథనక్రమం

ఆధార పటం, సమాచారం విడివడిన తరువాత మిగిలినది వరుస. ఇలా ఒకరి పటం మీద మరొకరి సమాచారాన్ని కలిపే మాషప్‌ల తొలి దశలో వందలాది గుర్తులను పటం మీద కుమ్మరించి చదువరికి వదిలేసేవారు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది ముఖ్యమో తెలియక చదువరి రెండు మూడు గుర్తులు నొక్కి వెళ్లిపోయేవాడు. సమాచారం కళ్లెదుట ఉన్నా కథ లేకపోవడం అంటే ఇదే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ సెగెల్, జెఫ్రీ హీర్ 2010లో ప్రచురించిన పరిశోధన వ్యాసం ఈ సమస్యకు ఒక సిద్ధాంత రూపం ఇచ్చింది. రచయిత నడిపే కథనం ఒక కొస, చదువరి స్వేచ్ఛగా వెదుక్కునే పద్ధతి మరొక కొస అని చెప్పి, మొదట ఇరుకైన దారిలో నడిపించి చివర విశాలంగా వదిలిపెట్టే కూర్పుకు మార్టినీ గ్లాస్ అని వారు పేరుపెట్టారు. కథాపటాలు ఎన్నో ఈ కూర్పును అనుసరిస్తాయి.

నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీలో ముఖ్య పటకర్తగా పనిచేసిన ఆలెన్ క్యారల్ 2010లో పటాల సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఎస్రీ సంస్థలో చేరి, కోడ్ రాయడం తెలియనివారు కూడా కథాపటం కూర్చుకోగల నమూనాలను తన బృందంతో రూపొందించారు. స్టోరీ మ్యాప్ అన్న మాట విస్తృతంగా వ్యాపించింది ఆ తరువాతే. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలోని నైట్ ల్యాబ్ పాత్రికేయుల కోసం స్టోరీమ్యాప్‌జేఎస్‌ను, వర్జీనియా విశ్వవిద్యాలయం మానవీయ శాస్త్రాల పరిశోధకుల కోసం నీట్‌లైన్‌ను అందించాయి. 2012 డిసెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్ ప్రచురించిన స్నో ఫాల్ అనే హిమపాత ప్రమాద కథనంలో చదువరి వచనాన్ని కిందికి జరుపుతుంటే పర్వత దృశ్యాలు కదలడం పత్రికా ప్రపంచాన్ని ఆకట్టుకోవడంతో, స్క్రోల్ చేయడమే కథ నడిపే మార్గంగా స్థిరపడింది.

సొంతంగా మలచుకోవడం

సంస్థల నమూనాలు అనుమతించినంత మేరకే మార్పులు సాధ్యం. ఆ హద్దు దాటాలనుకున్నవారికి ప్రధాన ఆధారం కీవ్ నగరానికి చెందిన వ్లాదిమిర్ అగఫోంకిన్ 2011లో విడుదల చేసిన లీఫ్‌లెట్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ, అంటే ఎవరైనా వాడుకోగల, మార్చుకోగల కోడ్ సంపుటి. సుమారు 40 కిలోబైట్ల పరిమాణం గల ఈ కోడ్ ఏ ఆధార పటాన్నయినా తెప్పించుకుని, దాని మీద గుర్తులను, రేఖలను, పొరలను నిలపగలదు. అమెరికాలోని ట్రినిటీ కళాశాల అధ్యాపకుడు జాక్ డోహర్టీ, ఇల్యా ఇల్యాంకూ కలిసి దీని మీద నిర్మించిన నమూనా ఈ రంగంలో అత్యంత ఉపకారకమైన వాటిలో ఒకటి. అందులో కథ అంతా ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఉంటుంది. ఒక్కో వరుస ఒక్కో అధ్యాయం. శీర్షిక, వచనం, బొమ్మ చిరునామా, అక్షాంశం, రేఖాంశం, జూమ్ స్థాయి ఒక్కో నిలువు గడిలో చేరతాయి. రచయిత కోడ్‌ను పంచుకునే గిట్‌హబ్ అనే సైట్‌లోని ఈ నమూనా కోడ్‌కు తన నకలు తీసుకుని, దానికి తన స్ప్రెడ్‌షీట్‌ను జతచేస్తే పటం సిద్ధమవుతుంది; రంగులు, గుర్తులు, ఆధార పటం మార్చదలిస్తే ఆ నకలులోనే దిద్దుకోవచ్చు. వీరిద్దరూ ఈ పద్ధతులను వివరిస్తూ 2021లో ఒక పుస్తకం కూడా ప్రచురించారు.

సమాచారాన్ని భద్రపరచడానికి ఎక్కువగా వాడే జియోజేసన్ అనే వచనరూప పద్ధతి 2008లో రూపొంది, 2016లో అధికారిక ప్రమాణమైంది. అందులో రేఖాంశం ముందు, అక్షాంశం తరువాత రాయాలి. లీఫ్‌లెట్‌లో నేరుగా గుర్తు పెట్టేటప్పుడు మాత్రం అక్షాంశమే ముందు వస్తుంది. ఈ తేడాను గమనించక 17.38, 78.48 అంకెలను తారుమారు చేస్తే హైదరాబాదు నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల మంచులో తేలుతుంది.

2014లో మ్యాప్‌బాక్స్ సంస్థ తెచ్చిన జీ.ఎల్. లైబ్రరీతో కథాపట రచయితలకు వెక్టర్ పలకలు అందుబాటులోకి వచ్చాయి. వీటిలో బొమ్మకు బదులు రేఖల, హద్దుల, పేర్ల జాబితా వస్తుంది. గీసే పని చదువరి యంత్రమే చేస్తుంది గనుక ఆధార పటం రూపురేఖలు కూడా రచయిత అధీనంలోకి వచ్చాయి, పటాన్ని వంచడం, తిప్పడం, ఒక ఊరి నుంచి మరొక ఊరికి ఎగిరినట్లు చూపడం సాధ్యమైంది. అయితే 2020 డిసెంబర్‌లో ఆ సంస్థ తన లైబ్రరీ లైసెన్సును మార్చి ఓపెన్ సోర్స్ నుంచి తప్పించగా, పాత కోడ్ ఆధారంగా మ్యాప్‌లిబ్రే అనే ఉమ్మడి ప్రాజెక్టు పుట్టింది. అంతకు ముందే, గూగుల్ 2018లో తన పటాల ధరల విధానాన్ని మార్చినప్పుడు చిన్న సైట్లెన్నో లీఫ్‌లెట్‌కు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కు తరలిపోయాయి. అదే గూగుల్, పట్టికలను పటాలుగా చూపే ఫ్యూజన్ టేబుల్స్ సేవను 2019లో, పటం మీద కథ కూర్చే టూర్ బిల్డర్ సేవను 2021లో మూసివేసింది. తమ సమాచారాన్ని విడి ఫైళ్లుగా దాచుకున్నవారు మరొక చోట కథను తిరిగి నిలబెట్టుకోగలిగారు. సేవ లోపలే రాసుకుని ఊరుకున్నవారికి ఆ అవకాశం లేకపోయింది. డోమ్స్‌డే డిస్కులకు జరిగినదే వెబ్‌లో మరింత వేగంగా పునరావృతమైంది.

భారతదేశంలో, తెలుగులో

1767లో ఏర్పడిన సర్వే ఆఫ్ ఇండియా పటాలు చాలాకాలం పౌరులకు సులభంగా దొరకలేదు. 2005 నాటి జాతీయ పటాల విధానం కొంత సడలింపు తెచ్చింది. 2009లో ఇస్రో ప్రారంభించిన భువన్ సేవ హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నుంచి ఉపగ్రహ చిత్రాలను వెబ్‌లో అందించింది. 2021 ఫిబ్రవరిలో వెలువడిన మార్గదర్శకాలు భారతీయ సంస్థలకు ముందస్తు అనుమతుల అవసరాన్ని చాలా వరకు తొలగించాయి. సర్వే ఆఫ్ ఇండియా పటాలతో సరిపోలని దేశ సరిహద్దులను ప్రచురించడం మాత్రం చట్టరీత్యా నేరమే. అంతర్జాతీయ ఆధార పటాలు చాలావరకు వివాదాస్పద సరిహద్దులను వేరుగా చూపుతాయి గనుక, భారతీయ కథాపట రచయితలు అధికారిక సరిహద్దును ప్రత్యేక పొరగా పరచుకోవలసి వస్తుంది.

ఈ ప్రక్రియకు అనువైన సామగ్రి తెలుగులో సమృద్ధిగా ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో మద్రాసు నుంచి హైదరాబాదు, నాగపూర్ మీదుగా కాశీకి వెళ్లివస్తూ మజిలీ మజిలీకి రాసిన కాశీయాత్ర చరిత్రలో తేదీ, ఊరు, వర్ణన కలిసే ఉన్నాయి. కథాపటపు స్ప్రెడ్‌షీట్ అడిగేవీ అవే. మారిపోయిన ఊళ్ల పేర్లను గుర్తించడానికి ఆ కాలపు పటాన్ని స్కాన్ చేసి, అందులోని తెలిసిన స్థలాలను నేటి అక్షాంశ రేఖాంశాలతో ముడివేసే జియోరెఫరెన్సింగ్ పద్ధతి ఉపకరిస్తుంది.

తెలుగు లిపి విషయంలో మాత్రం సాంకేతిక చిక్కు ఒకటి ఎదురైంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి ఊరికీ తెలుగు పేరు చేర్చే సదుపాయం ఉంది. కాని వెక్టర్ పలకలను గీసే లైబ్రరీలు ఒక్కో అక్షర సంకేతాన్ని విడిగా తీసుకుని పక్కపక్కన పేర్చేలా రూపొందడం వల్ల, ఒత్తులు, గుణింతాలు వాటి చోట కూర్చోక శ్రీశైలం, కర్నూలు వంటి పేర్లు పొల్లులతో ముక్కలై కనిపించేవి. లాటిన్ లిపిని దృష్టిలో ఉంచుకుని చేసిన ఈ పొరపాటు దక్షిణ, ఆగ్నేయ ఆసియా లిపులెన్నింటినో బాధించింది. అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాముతో సర్వర్‌లోనే గీసిన బొమ్మ పలకలలో ఆ చిక్కు లేదు. అందువల్ల తెలుగు పేర్లు కావలసినవారు బొమ్మ పలకలను ఎంచుకుంటారు, లేదా ఆధార పటంలోని పేర్లను పూర్తిగా తొలగించి, కథకు అవసరమైన ఊళ్ల పేర్లను మాత్రం మామూలు వెబ్ వచనంగా పటం మీద అమర్చుకుంటారు. అప్పుడు వాటిని కూర్చే పని బ్రౌజర్‌ది అవుతుంది.