కరువు నేల మీద ద్రవాల లెక్క

అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1968లో తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి పీజీ కేంద్రంగా పుట్టి, 1981లో సొంతకాళ్ల మీద నిలబడింది. మరుసటి ఏడాదే అక్కడి గణిత శాఖకు చెందిన డి.ఆర్.వి. ప్రసాదరావు, డి.వి. కృష్ణ, అమెరికాలోని లోకనాథ్ దేబ్‌నాథ్‌తో కలిసి రాసిన వ్యాసం అచ్చయింది. తిరుగుతున్న సచ్ఛిద్ర (సన్నని రంధ్రాలున్న) నాళంలో, అయస్కాంత క్షేత్రం నడుమ, వేడెక్కిన ద్రవం ఎలా పారుతుందన్నది అందులోని విషయం. తర్వాతి దశాబ్దాల్లోనూ ద్రవగతిశాస్త్రం ఆ శాఖను వదల్లేదు. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమలో కాగితం మీద ద్రవాలు పారించడమేమిటని ఎవరైనా ఎత్తిపొడవవచ్చు. నిజానికి ఆ లెక్క ఈ నేలకు పరాయిది కాదు; నేల దాకా దిగలేదంతే.

ఇక్కడ నీటికి లెక్క కట్టడం పాత విద్యే. పెనుకొండకు హెన్నె నదిని, అంటే పెన్నను, తీసుకురమ్మని ప్రతాప బుక్కరాయలు జలసూత్ర నిపుణుడు సింగయభట్టును ఆజ్ఞాపించినట్టు 1388 నాటి శాసనం చెబుతుంది. ఆయన సిరువేర చెరువు దాకా కాలువ తెచ్చి దానికి ప్రభువు పేరే పెట్టాడు. వాలు కొలవకుండా అయ్యే పని కాదది. అలాగని సింగయభట్టు నుంచి విశ్వవిద్యాలయం దాకా గురుపరంపర గీస్తే అది గొప్పలకు పోవడమే. కొలత విద్య ఇంజనీర్ల పాలయింది, అనంతపురానికి 1940లలోనే ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. సమీకరణాలు గణిత శాఖ వాటాకు మిగిలాయి.

ఆ సమీకరణాల మూలం మాత్రం నీళ్లలోనే ఉంది. ఫ్రాన్సులోని దిజోఁ పట్టణపు నీటి సరఫరా చూసిన హెన్రీ డార్సీ, ఇసుక గుండా నీరు పోనిచ్చి 1856లో ప్రకటించిన నియమమే సచ్ఛిద్ర మాధ్యమాల గణితానికీ, భూగర్భజల గణితానికీ పునాది. కానీ చేత్తో సాధించాలంటే నాళం తిన్నగా, గోడలు సమాంతరంగా ఉండాలి. అనంతపురం అడుగున ఉన్నది ఇసుక కాదు, గట్టి రాయి. నీరు శిథిలమైన పైపొరలోనూ పగుళ్లలోనూ దాగుతుంది. అందుకే లెక్క ఆదర్శ నాళాల దగ్గర ఆగిందని నా అభిప్రాయం. కంప్యూటర్లు, ఎలాంటి ఆకారాన్నైనా చిన్న ముక్కలుగా చేసి లెక్కించే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి వచ్చాక ఆ సాకు బలం తగ్గింది.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఊళ్ల నుంచే వస్తుంది. 2000ల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురం సహా కరువు జిల్లాల రైతులు వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం చూశారు, రబీకి ముందు నీటి బడ్జెట్ వేసుకున్నారు. కూడికలు, తీసివేతలతోనే పని గడిచినప్పుడు అవకలన సమీకరణాలెందుకు? ఊరికెంత నీరుందో ఆ బడ్జెట్ చెబుతుంది, నిజమే. ఒక రైతు కొత్త బోరు పక్క చేని బోరును ఎన్నాళ్లలో ఎండగడుతుందో చెప్పాలంటే మాత్రం డార్సీ నియమం నుంచి పుట్టిన సమీకరణాన్నే, ఈసారి ఈ రాతి మీదనే, సాధించాలి.