ఏ కంపెనీ ల్యాప్‌టాప్ గట్టిది? ఈ ప్రశ్న వెనకాల ఉన్న చరిత్ర

కౌన్సెలింగ్ సీజన్ వచ్చిందంటే చాలు, నాకు ఒకటే మెసేజ్ మళ్లీ మళ్లీ వస్తుంటది. "అన్నా, తమ్మునికి బీటెక్ సీటొచ్చింది. యాభై వేలల్ల ఏ కంపెనీ ల్యాప్‌టాప్ తీసుకుంటే నాలుగేండ్లు ఆగుతది?"

హైటెక్ సిటీల కూర్చొని అడిగితే ఇది మామూలు షాపింగ్ ప్రశ్న. తిరుమలగిరి నుంచి అడిగితే అట్ల కాదు. ఆ యాభై వేలు మార్కెట్ యార్డుల వడ్లు అమ్మిన పైసలు అయ్యుంటయి. పాడైతే సూర్యాపేటకో, హైదరాబాద్‌కో బస్సెక్కాలి. పరీక్షల టైంల అదయితే ఇంకో ల్యాప్‌టాప్ ఇంట్ల ఉండదు. అందుకే ఈసారి "టాప్ ఫైవ్" వీడియో చెయ్యట్లేదు. ల్యాప్‌టాప్‌లు ఎప్పుడెప్పుడు, ఎందుకు చచ్చిపోయినయో ఆ చరిత్ర చూద్దాం. చూస్తే మీకే అర్థమైతది, కంపెనీ పేరు మనకు ఎంత తక్కువ చెప్తదో.

గట్టిదనం అనగానే ఇప్పటికీ చాలామంది చెప్పే పేరు థింక్‌ప్యాడ్. 1992లో ఐబీఎం కంపెనీ 700సీ అనే మోడల్‌తో దీన్ని పెద్దగా లాంచ్ చేసింది. నల్ల డబ్బా, కీబోర్డు మధ్యల ఎర్ర బొడిపె. 2005లో ఐబీఎం తన పీసీ బిజినెస్ మొత్తం చైనా కంపెనీ లెనోవోకి అమ్మేసింది. ఇక్కడే మనోళ్ల లెక్క తప్పుతది. థింక్‌ప్యాడ్ మంచిది కాబట్టి లెనోవో మంచిది అనుకుంటరు. కానీ అదే లెనోవో పేరు మీద తర్వాత వచ్చిన ఐడియాప్యాడ్ వేరే బాడీ, వేరే ధర, వేరే లెక్క. స్టిక్కర్ మీద కంపెనీ పేరు మాత్రమే ఒకటి.

ఇప్పుడు 2006కి వద్దాం. ఆ ఏడు ఆగస్టులో డెల్ కంపెనీ 41 లక్షల బ్యాటరీలు వాపస్ పిలిచింది. అదే నెలల యాపిల్ 18 లక్షలు పిలిచింది. తర్వాత లెనోవో, తోషిబా, ఫుజిత్సు. అన్నీ వేరే వేరే కంపెనీలు కదా, అన్నిటికీ ఒక్కసారే ఎందుకొచ్చింది? ఎందుకంటే అన్నిటి లోపల సెల్స్ సోనీవి. తయారీల కంటికి కనపడని లోహపు రేణువులు సెల్ లోపల పడి, షార్ట్ సర్క్యూట్ అయ్యి, కొన్నిటికి మంటలు కూడా అంటుకున్నయి. డెల్ కొన్నోడు, యాపిల్ కొన్నోడు ఇద్దరూ తెల్వకుండానే ఒకటే సరుకు కొన్నరు.

దీనికంటే పెద్ద కథ 2008ది. దీని మీద నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతా, ఎందుకంటే మన దగ్గర రిపేర్ షాపులల్ల దీని గురించి ఇప్పటికీ తప్పుడు మాటే తిరుగుతుంటది.

2008 జులై 2న గ్రాఫిక్స్ చిప్పులు చేసే ఎన్‌విడియా ఒక ప్రకటన చేసింది. కొన్ని నోట్‌బుక్ చిప్పులు ఎక్కువగా ఫెయిల్ అయితున్నయి, రిపేర్లకు 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నం అని. ఆ చిప్పులు ఎక్కడున్నయి? హెచ్‌పీ పెవిలియన్ డీవీ2000, డీవీ6000 మోడళ్లల్ల. డెల్ ఎక్స్‌పీఎస్ ఎం1330లో. లక్షకు పైన ధర పలికే యాపిల్ మ్యాక్‌బుక్ ప్రోలో కూడా. హెచ్‌పీ మెషీన్‌ల ముందు వైఫై మాయమయ్యేది, తర్వాత ఒక రోజు స్క్రీన్ నల్లగనే ఉండిపోయేది. లైట్లు వెలుగుతయి, బొమ్మ రాదు.

లోపల జరిగేది ఇది. చిప్ అనేది ఒక సిలికాన్ ముక్క. అది కింద ఉండే చిన్న పచ్చ బోర్డు మీద సూది మొన కంటే చిన్న సోల్డర్ బొడిపెల మీద కూర్చుంటది. ఆ బొడిపెల సందులల్ల ఒక జిగురు నింపుతరు. ఆ జిగురు వేడికి తొందరగా మెత్తబడేది. ఆన్ చేస్తే వేడి, ఆఫ్ చేస్తే చల్ల. జిగురు పట్టు సడలినంక బరువంతా బొడిపెల మీద పడేది. సెంట్రింగ్ పనిల బైండింగ్ వైర్‌ని రెండు దిక్కులా వంచితే ఎట్ల తెగుతదో, అట్ల అవి పగిలేటియి.

మన షాపులల్ల ఏం చేసేటోళ్లు? "చిప్ హీటింగ్". వేడి గాలి కొడితే పగిలినయి తాత్కాలికంగా అతుక్కొని ల్యాప్‌టాప్ లేస్తది. కొన్ని వారాలో, నెలలో నడిచి మళ్లీ పడుకుంటది. కొందరు "రీబాలింగ్" అని ఇంకా ఎక్కువ తీసుకునేటోళ్లు. రీబాలింగ్‌ల మార్చేది పచ్చ బోర్డు కింద ఉండే పెద్ద బాల్స్. పగిలింది దాని పైన, చిప్ లోపల. రోగం ఒక చోట, మందు ఇంకో చోట. షాపాయన మోసగాడని కాదు, చాలామందికి నిజంగనే తెల్వదు. 2006 జులై నుంచి యూరప్‌ల సీసం లేని సోల్డర్ రూల్ వచ్చింది కాబట్టి అందరూ తప్పు దాని మీద వేసిన్రు.

డెల్, హెచ్‌పీ కొన్ని మోడళ్లకు వారంటీ పెంచినయి, యాపిల్ ఫ్రీగా బోర్డులు మార్చింది. అమెరికాల కోర్టుకు పోతే 2010లో సెటిల్‌మెంట్ అయ్యింది, కానీ అది అమెరికాల కొన్నోళ్లకే. సరిగ్గ ఆ కాలంలనే మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్‌తోటి పల్లెల నుంచి పిల్లలు ఇంజనీరింగ్‌కి పోవుడు మొదలైంది. చాలా ఇండ్లల్ల మొదటి ల్యాప్‌టాప్ వచ్చిన టైం అది. సెకండ్ హ్యాండ్‌ల కొన్నోళ్లకు వారంటీ పేపర్ కూడా ఉండదాయె.

2009ల స్క్వేర్‌ట్రేడ్ అనే అమెరికా వారంటీ కంపెనీ 30 వేల ల్యాప్‌టాప్‌ల లెక్క బయటపెట్టింది. మూడేండ్లల్ల, కింద పడేసుడు కలుపుకొని, మూడింట ఒకటి పాడైతదని అంచనా. కింద పడుడు తీసేస్తే అసుస్, తోషిబా అన్నిటికంటే తక్కువ, 16 శాతం లోపు. హెచ్‌పీ అన్నిటికంటే ఎక్కువ, 25.6 శాతం. ఇప్పటికీ ఇది చూపించి "హెచ్‌పీ వద్దు" అనేటోళ్లున్నరు. నా ఉద్దేశంలో ఆ నంబర్‌ల డీవీ సిరీస్ నీడ ఉంది. ఇంకో సంగతి, ఆ లిస్టుల పైన ఉన్న తోషిబా 2020లో ల్యాప్‌టాప్ బిజినెస్ నుంచే వెళ్లిపోయింది. అదే లిస్టుల లెనోవో 21.5 శాతం, థింక్‌ప్యాడ్, ఐడియాప్యాడ్ అన్నీ కలిపి.

ఖరీదు పెడితే సమస్య ఉండదు అనేటోళ్ల కోసం ఒక ముచ్చట. 2015లో యాపిల్ సన్నగా చెయ్యాలని బటర్‌ఫ్లై కీబోర్డు తెచ్చింది. కీ కింద చిన్న దుమ్ము రేణువు పడితే అక్షరం పడదు, లేకుంటే రెండుసార్లు పడతది. 2018 జూన్‌ల నాలుగేండ్ల ఫ్రీ రిపేర్ ప్రకటించింది, 2019 చివర్ల పాత పద్ధతికి తిరిగిపోయింది. కాలిఫోర్నియా ఆఫీసులనే దుమ్ము సమస్య అయితే, సీజన్‌ల ధాన్యం బస్తాలు దిగే తిరుమలగిరి యార్డు పక్కన ఇంట్ల సంగతి మీరే ఆలోచించుండ్రి.

ఇప్పటి కాలపు రోగం కీలు. స్క్రీన్ కీలు ఇనుపదే, కానీ దాన్ని పట్టుకునే స్క్రూలు తక్కువ ధర మోడళ్లల్ల ప్లాస్టిక్‌ల అద్దిన చిన్న ఇత్తడి గింజల్లకు పోతయి. ఒక మూల పట్టుకొని రోజూ తెరుస్తుంటే ప్లాస్టిక్ పగిలి గింజ ఊడొస్తది. ఇది ఒక్క కంపెనీ రోగం కాదు. దాదాపు ప్రతి కంపెనీ చవక మోడల్‌ల ఉంటది.

మరి యాభై వేలు ఎక్కడ పెట్టాలె? కొత్తదే కావాలంటే మోడల్ పేరు, పక్కన "కీలు", "హీటింగ్" అని కొట్టి వెతకండి. కంపెనీ పేరుతోటి కాదు. ర్యామ్ బోర్డుకు అతికించి ఉందా, మార్చొచ్చా అడగండి. వీలైతే ఇంటికొచ్చి చేసే వారంటీ తీసుకోండి, ఊర్లల్ల ఉన్నోళ్లకు ప్రాసెసర్ కంటే అదే ముఖ్యం. పాతదైనా పర్వాలేదంటే థింక్‌ప్యాడ్ టీ సిరీస్, డెల్ ల్యాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ చూడండి. హైదరాబాద్ ఆఫీసులు వాడి తీసేసినయి సికింద్రాబాద్ పార్క్ లేన్‌ల చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ల దొరుకుతయి. వీటిని విప్పి ఎట్ల బిగించాలో మూడు కంపెనీలూ మాన్యువల్‌లు నెట్‌ల పెట్టినయి. కొనేముందు బ్యాటరీ రిపోర్ట్ తీయించుకోండి, స్క్రీన్‌ని మధ్యల పట్టుకొని నాలుగుసార్లు తెరిచి మూయండి, చప్పుడొస్తే పక్కన పెట్టేయండి. ఇంటికి తెచ్చినంక పరుపు మీద పెట్టి వాడకండి, మే నెల ఎండల ఫ్యాన్‌కు గాలి అందదు.

కామెంట్‌ల మీ ల్యాప్‌టాప్ ఎన్నేండ్లు వచ్చింది, ముందుగా ఏది పాడైంది రాయండి. కంపెనీ పేరొక్కటే కాదు, కింద స్టిక్కర్ మీద ఉండే మోడల్ నంబర్ కూడా పెట్టండి.