చంటిపిల్లని ఎవరు చూస్తారు? 50, 40, 5 అనే లెక్కల వెనక మన అక్కల కథ



ఈ పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మన గ్రూపులో భూమి చట్టాల చరిత్ర, పోరాటాల చరిత్ర చాలామంది రాశారు. ఈసారి మేం ఎవరూ చరిత్ర అనుకోని సంగతి ఒకటి ఎత్తుకున్నాం. అమ్మ పనికి పోతే చంటిపిల్లని ఎవరు చూసుకోవాలి?

మొన్న హాస్టల్లో రాత్రి అన్నాలయ్యాక ఈ మాట వచ్చింది. "చిన్నప్పుడు మనల్ని ఎత్తుకుని తిప్పింది ఎవరు?" అని. ఒకరిద్దరు నానమ్మ అన్నారు. మిగతా అందరం అక్క అన్నాం. ఆ అక్క ఎందాకా చదివింది అని అడిగితే రెండు, మూడు, ఐదు అన్నారు. ఆ తర్వాత కాసేపు ఎవరం మాట్లాడలేదు. మన ఇళ్ళల్లో మనమే మొదట డిగ్రీకి వచ్చామని చెప్పుకుంటాం కదా. మనం వచ్చిన ఆ దారిలో ఒకరు ఆగిపోయారు. ఎందుకు ఆగిపోయారో తెలుసుకుందామని ఇది రాస్తున్నాం.

పాత రోజుల్లో ఇది ఇంత పెద్ద కష్టం కాదు. పోడు మనది, పని మనది. పోడు గట్టున చెట్టుకు గుడ్డ ఉయ్యాల కట్టి, బిడ్డ ఏడిస్తే పని ఆపి పాలిచ్చి మళ్ళీ పనిలోకి దిగేవాళ్ళు. ముసలివాళ్ళు పక్కనే ఉండేవాళ్ళు. పని ఇంకొకరిది అయ్యాకే చిక్కొచ్చింది. కూలీకి పోతే ఎప్పుడు ఆపాలో మనం చెప్పలేం, మేస్త్రీ చెప్తాడు. మిరపకాయలు కోయడానికి ఊరు వదిలి నెలల తరబడి పోతే నానమ్మ వెంట రాదు. అప్పుడు అమ్మ ముందు రెండే దారులు. పని మానుకోవాలి, లేకపోతే పెద్దపిల్లని బడి మాన్పించాలి.

ఈ చిక్కు మనకంటే ముందు మిల్లుల్లో పనిచేసిన ఆడవాళ్ళకి వచ్చింది. బొంబాయి బట్టల మిల్లుల్లో తల్లులు పనికి పోతూ చంటిపిల్లలు నిద్రపోవాలని కొంచెం నల్లమందు పెట్టేవాళ్ళు. బిడ్డ మీద ప్రేమ లేక కాదు, చూసే మనిషి లేక. 1929లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన విట్లీ కమిషన్ 1931లో ఇచ్చిన రిపోర్టులో ఈ సంగతి కూడా ఉంది. మిల్లుల్లో పిల్లల కోసం గదులు పెట్టాలని చెప్పింది. అలా పనిచోట పిల్లల్ని చూసుకునే గదినే క్రెష్ అంటారు. 1934 ఫ్యాక్టరీల చట్టం ఈ గదుల కోసం రూల్స్ పెట్టే అధికారం ప్రాంతీయ ప్రభుత్వాలకు ఇచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్‌లో దాన్ని తప్పనిసరి చేశారు. 50 మందికి పైగా ఆడవాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీలో ఆరేళ్ళ లోపు పిల్లలకు క్రెష్ ఉండాలి. 1976లో ఆ లెక్కని 30కి తగ్గించారు. 1951 తోటల కార్మికుల చట్టంలో మళ్ళీ 50 మంది ఆడవాళ్ళు. ఇది మనకి దూరం సంగతి అనుకోకండి. అస్సాం టీ తోటల్లో ఎక్కువమంది చోటానాగపూర్ వైపు నుంచి తీసుకుపోయిన ఆదివాసులు. మన వైపు నుంచి, పాత గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా కూలీలు పోయారు. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనూ 50 మందికి పైగా ఆడవాళ్ళు ఉంటేనే క్రెష్ అన్నారు.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఒకటి, లెక్క ఆడవాళ్ళది మాత్రమే. అంటే బిడ్డ తల్లిదే, తండ్రికి సంబంధం లేదన్నట్టు. పైగా 29 మంది ఆడవాళ్ళతో ఆపేస్తే యజమానికి క్రెష్ ఖర్చు ఉండేది కాదు. చట్టమే ఆడవాళ్ళని పనిలో పెట్టుకోకుండా ఉండడానికి ఒక సాకు ఇచ్చింది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు 50 లేదా అంతకంటే ఎక్కువ మంది ఉద్యోగులు ఉంటే క్రెష్ ఉండాలన్నారు. అందులో మగవాళ్ళనీ లెక్కేశారు. ఆ మార్పు రావడానికి దాదాపు 70 ఏళ్ళు పట్టింది. రెండో విషయం, మన అమ్మలు ఒక్కచోట 50 మంది ఎప్పుడు పనిచేశారు? తునికాకు కోతకి తలా ఒక దిక్కు పోతారు. కాఫీ తోటలో నలుగురు, మిరప చేలో పదిమంది. ఈ చట్టాలన్నీ మన తలల మీదుగా దాటిపోయాయి.

చట్టం దాటిపోయిన చోట మనుషులు మొదలుపెట్టిన పనులు కొన్ని ఉన్నాయి. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ఎగ్జిబిషన్ కోసం రాజ్‌ఘాట్ దగ్గర కట్టడాలు జరుగుతున్నాయి. అక్కడ ఇటుకలు, మట్టి మధ్య కూలీల చంటిపిల్లలు పడి ఉండడం చూసి మీరా మహదేవన్ అనే ఆమె ఒక టెంటులో వాళ్ళని చూసుకోవడం మొదలుపెట్టారు. అదే మొబైల్ క్రెషెస్ సంస్థ అయ్యింది. పని ఎక్కడికి పోతే క్రెష్ అక్కడికి పోవాలి అనేది వాళ్ళ ఆలోచన. వలస పోయే మన కుటుంబాలకి సరిగ్గా సరిపోయే ఆలోచన ఇది.

ఇక మనందరికీ తెలిసిన అంగన్‌వాడీ. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. మనలో చాలామంది మొదట గుడ్డు తిన్నది, మొదటి పాట పాడింది అక్కడే. దాని గొప్పతనం మేం తక్కువ చేయడం లేదు. కానీ అది తల్లి పని గంటల్ని చూసి పెట్టింది కాదు. తిండి, టీకాలు, ఆటపాటల చదువు కోసం పెట్టింది. మూడేళ్ళు దాటిన పిల్లలే వచ్చి కూర్చుంటారు. మూడేళ్ళ లోపు పిల్లలకి బాలామృతం లాంటి పిండి ఇంటికిస్తారు. ఆ పిండి కలిపి రోజుకి నాలుగుసార్లు తినిపించే మనిషి ఇంట్లో ఉండాలి కదా? అమ్మ పొద్దున్నే పోయి చీకటిపడ్డాక వస్తే ఆ మనిషి ఎవరు? మళ్ళీ అక్కే. ఎనిమిదేళ్ళ పిల్ల ఎనిమిది నెలల పిల్లకి తినిపిస్తుంది.

పేద కూలీ తల్లుల పిల్లల కోసం క్రెష్ పథకం వేరే ఉంది. అది 2006లో రాజీవ్ గాంధీ జాతీయ క్రెష్ పథకం అయ్యింది, 2017లో జాతీయ క్రెష్ పథకం అయ్యింది, 2022లో పాల్నా అయ్యింది. పేరు మూడుసార్లు మారినా మా ఊళ్ళల్లో ఒక్క పేరుతోనూ రాలేదు. పాల్నాలో అంగన్‌వాడీలోనే క్రెష్ కలిపి నడపాలని రాశారు. ఇది మనం అడగాల్సిన విషయం.

2001లో పీయూసీఎల్ సంఘం సుప్రీంకోర్టులో ఆహార హక్కు కేసు వేసింది. ఆ ఏడాది నవంబర్ 28నే ప్రతి ఆవాసంలో అంగన్‌వాడీ ఉండాలని కోర్టు చెప్పింది. 2006 డిసెంబర్ 13న ఇంకో ఆదేశం వచ్చింది. అంగన్‌వాడీ లేని ఊళ్ళో ఆరేళ్ళ లోపు పిల్లలు 40 మంది ఉండి అడిగితే 3 నెలల్లో సెంటర్ పెట్టాలి. మంచిదే. కానీ మన గూడేల్లో 40 మంది పిల్లలు ఎక్కడ? 20 ఇళ్ళుంటే గొప్ప. అందుకే గిరిజన ప్రాంతాల్లో 150 నుంచి 300 జనాభా ఉంటే మినీ అంగన్‌వాడీ అనే రూల్ ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, చాలామందికి తెలీదు.

అన్నిటికంటే చిన్న అంకె 2005 ఉపాధి హామీ చట్టంలో రాశారు. పని చోటికి ఆడవాళ్ళతో వచ్చిన ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురు ఉంటే, ఒక ఆమెని వాళ్ళని చూసుకోడానికి పెట్టాలి, ఆమెకీ కూలీ ఇవ్వాలి. పిల్లల్ని చూడడం కూడా పనే, దానికి కూలీ ఉంది అని రాశారన్నమాట! మన పని తీరుకి దగ్గరగా వచ్చిన రూల్ అదొక్కటే. కానీ మేం సెలవుల్లో చూసిన పనుల దగ్గర అలా ఒక్క మనిషినీ పెట్టలేదు. అడిగినవాళ్ళూ లేరు, ఎందుకంటే అలా ఉందని ఎవరికీ తెలీదు.

బడికి రాని ప్రతి బిడ్డా బాలకార్మికుడే, ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకున్న ఆడపిల్ల కూడా ఆ లెక్కలోకే వస్తుంది అని ఎం.వి.ఫౌండేషన్ శాంతా సిన్హా గారు రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిచేస్తూ వాదించారు. 2003లో ఆమెకి మెగసెసే అవార్డు వచ్చింది. మనం ఆ మాటని మన ఇంట్లోకి తెచ్చుకోవాలి. "మా అక్కకి చదువు రాలేదు" అనడం తప్పు. అక్క పని చేసింది, ఆ పనికి కూలీ లేదు.

దారి లేదా అంటే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ అనే డాక్టర్ల సంస్థ అడవి ఊళ్ళల్లో ఫుల్వారీలు పెట్టింది. అక్కడ ఉండేది మనలాంటి గోండులు, బైగాలు. ఆరు నెలల నుంచి మూడేళ్ళ పిల్లల్ని పగలంతా ఆ ఊరి ఆడవాళ్ళే చూసుకుంటారు, వేడిగా వండి పెడతారు. అమ్మ పనికి పోతుంది, అక్క బడికి పోతుంది, బిడ్డ కడుపు నిండుతుంది. తర్వాత ప్రభుత్వం కూడా సర్గుజా వైపు ఇలాంటివి నడిపింది. పెద్ద బిల్డింగ్ ఏమీ అక్కర్లేదు, ఒక ఇల్లు, నమ్మకమైన ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళకి సరైన జీతం ఉంటే చాలు.

జీతం అన్నాం కాబట్టి ఇదొకటి. పిల్లల్ని చూసేవాళ్ళ పని తక్కువ పని అనుకోవడం కూడా ఈ చరిత్రలో భాగమే. అంగన్‌వాడీ టీచర్లకీ ఆయాలకీ ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాళ్ళకి గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. అప్పట్లో టీచర్‌కి నెలకి 11,500, ఆయాకి 7,000. వాళ్ళలో మన అక్కలు, వదినలు ఉన్నారు. తక్కువ కూలీ తల్లుల పిల్లల్ని అంతకంటే ఎక్కువేం రాని తల్లులు చూస్తున్నారు. క్రెష్ చౌకగా ఉండాలి నిజమే, కానీ అది చూసుకునే ఆమె కడుపు కొట్టి చౌక కాకూడదు.

మనం ఏం చేయగలం? ఈ సెలవులకి ఇంటికి పోయినప్పుడు మూడు పనులు చేద్దాం. మన గూడెంలో ఆరేళ్ళ లోపు పిల్లల పేర్లు రాసుకుందాం. సెంటర్ ఎంత దూరం, వాగు దాటాలా, ఎప్పుడు తెరిచి ఎప్పుడు మూస్తారో రాసుకుందాం. బడి మానేసి పిల్లల్ని చూస్తున్న ఆడపిల్లలు ఎంతమందో లెక్కపెడదాం. ఆ కాగితంతో గ్రామసభలో తీర్మానం పెట్టించి ఐటీడీఏ ఆఫీసుకి ఇద్దాం. 50, 40, 5 అనే అంకెలు వాళ్ళు రాసినవి. మన గూడెం అంకె మనం రాద్దాం.

ఇంటికి పోగానే ముందు అక్క దగ్గర కూర్చోండి. ఎన్నో తరగతిలో బడి మానేసిందో, ఆ ఏడు ఇంట్లో ఎవరు పుట్టారో అడగండి. మేం అడిగాం. మాలో కొందరికి వచ్చిన జవాబు, మేమే.

జై ఆదివాసీ.