దొంగ చేవ్రాలు – దొంగ పిలుపు

మనము బ్యాంకులో దాఁచుకొన్న సొమ్మును మోసగాఁ డొకఁడు హరించినప్పుడు ఆ నష్టమును భరింపవలసినవా రెవరు? సొమ్ము దాఁచుకొన్న గృహస్థుఁడా? దానిని కాపాడుదు నని పుచ్చుకొన్న బ్యాంకా? ఈ ప్రశ్న నేఁటి టెలిఫోనులతోను కార్డులతోను పుట్టినది కాదు. బ్యాంకు వ్యాపార మెంత పాతదో యిదియు నంత పాతది. కాలము మాఱినకొలఁది మోసము వేషము మార్చుకొనుచు వచ్చినది. న్యాయస్థానములును ప్రభుత్వములును దానికిఁ దగిన సమాధానమును వెదకుచు వచ్చినవి. ఆ చరిత్రను జ్ఞప్తికిఁ దెచ్చుకొనుట వినోదమునకు మాత్రమే కాదు. మన పెట్టెకు నేఁడు వేయవలసిన తాళ మేదో అది తెలుపును.

పూర్వము మన దేశపు షావుకార్లు హుండీల మూలమున ఒక ఊరినుండి మఱియొక ఊరికి సొమ్ము పంపుచుండిరి. హుండీ యనునది చిన్న కాగితపు ముక్క. దానిపై అంకె దిద్దుట కష్టము కాదు. అందుచేత మొత్తమును అంకెలలోను అక్షరములలోను వ్రాయుటయే కాక, ఇందులో సగ మింత, దానికి రెట్టింపు పూర్తి మొత్తము అని కూడ వ్రాయు నాచార మేర్పడెను. నూఱును వేయిగా దిద్దఁదలఁచినవాఁడు ఏఁబదిని సయితము దిద్దవలెను గదా! షాహజోగు హుండీ యనునది వేఱొక కాపుదల. దాని సొమ్మును తెచ్చినవాని కెల్ల నీయరాదు. బజారులో పరువుగల వర్తకునికే, అనఁగా షా అనిపించుకొన్నవానికే, ఈయవలెను. హుండీ దొంగదని పిమ్మటఁ దేలినచో ఆ పరువుగలవాఁడే బదులు చెప్పవలెను. మనిషిని ఎఱిఁగియుండుటయే ఆ కాలపుఁ దాళము.

వర్తకము పెరిగి ముఖపరిచయము తగ్గినకొలఁది ఆ తావును చేవ్రాలు ఆక్రమించెను. 1762లో ఇంగ్లండునందు లార్డు మాన్స్‌ఫీల్డు ఎదుటికి ఒక వ్యాజ్యము వచ్చెను. రెండు బిల్లులు; ఒక్కొక్కటి 40 పౌనులది. వానిపై నున్న చేవ్రాలు దొంగది. తెలియక సొమ్ము చెల్లించినవాఁడు, అంతే తెలియక ఆ సొమ్ము పుచ్చుకొన్నవానినుండి దానిని మరల రాఁబట్టఁ జూచెను. చేవ్రాలు నిజమా కాదా యని చెల్లించుటకు ముందే చూచుకొనుట చెల్లించువాని పని యని చెప్పి, ఆ న్యాయమూర్తి దావాను త్రోసివేసెను. తన ఖాతాదారుని చేవ్రాలు తా నెఱుఁగుట బ్యాంకు ధర్మ మను సూత్రమునకు ఈ తీర్పు బలము చేకూర్చెను.

అయితే ఖాతాదారునికి ధర్మము లేదా? 1918లో ఇంగ్లండు ప్రభువుల సభ ఈ ప్రశ్నను విచారించెను. ఒక వర్తకసంఘపు గుమాస్తా 2 పౌనులకు చెక్కు సిద్ధపఱచి యజమానిచేఁ జేవ్రాలు పెట్టించెను. అంకెకు రెండు ప్రక్కలను జాగా విడిచియుండెను. అక్షరములలో మొత్తము వ్రాయనే లేదు. యజమాని తొందరలో నుండెను. అతఁడు వెడలినపిమ్మట 2 అనునది 120 అయ్యెను. గుమాస్తా సొమ్ముతో నుడాయించెను. తలుపు తెఱచి పోయినవాఁడు యజమానియే కాఁబట్టి నష్ట మతనిదే యని ప్రభువులు తీర్పు చెప్పిరి.

మఱికొన్ని యేండ్లకు అదే సభ యెదుటికి ఇంకను జాలి గొలుపు సంగతి యొకటి వచ్చెను. ఒకని భార్య అతని చేవ్రాలు తానే పెట్టి బ్యాంకునుండి సొమ్ము తీసికొనుచుండెను. భర్తకు తెలిసెను, కాని ఆమె బ్రతిమాలఁగా బ్యాంకునకుఁ జెప్పక నెలలతరబడి యూరకుండెను. తరువాత బ్యాంకుపై దావా వేయఁగా నోడిపోయెను. దొంగ చేవ్రాలు బ్యాంకు తప్పే. కాని తెలిసియు మాటాడకుండుట అతని హక్కును హరించెను. ఈ సంగతి మనసులో నుంచుకొనవలెను.

మన దేశమున 1987లో సుప్రీముకోర్టు ఒక కంపెనీ వ్యాజ్యమును తీర్చెను. ఆ కంపెనీ లెక్కలు వ్రాయువాఁడు 42 చెక్కులపై దొంగ చేవ్రాలు పెట్టి మూఁడు లక్షల రూపాయలకుఁ బైగా హరించియుండెను. కంపెనీవారు పాసుపుస్తకమును సరిచూచుకొనలే దని బ్యాంకు వాదించెను. అజాగ్రత్త మాత్రమున, దొంగ చేవ్రాలుపై చెల్లించిన సొమ్ము ఖాతాదారుని నెత్తిన పడదని న్యాయస్థానము నిర్ణయించెను. తెలిసి యూరకుండుట వేఱు. తెలియక యుండుట వేఱు.

ఇంతలో చేవ్రాలు సంకేతసంఖ్యగా మాఱెను. 1967లో లండనుచెంత ఎన్‌ఫీల్డులో బార్‌క్లేసు బ్యాంకువారు నగదు నిచ్చు యంత్రమును నిలిపిరి. దానిని రూపొందించిన షెపర్డు బ్యారన్ మన షిల్లాంగులోఁ బుట్టినవాఁడు. సంకేతమునకు ఆఱంకెలు తలఁచితిననియు, తన భార్య నాలుగే జ్ఞాపక ముంచుకొనఁగల ననుటచే నాలుగు చేసితిననియు ఆయన చెప్పెను. తరువాత కార్డులపై నయస్కాంతపుఁ బట్టీ వచ్చెను. దొంగలు దానికి నకలు తీయ నేర్చిరి. మన రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1నుండి ఇంటర్నెట్టుమీఁది కార్డు చెల్లింపులకు రెండవ గుర్తును నిర్బంధము చేసెను. పట్టీకార్డులను తీసివేసి చిప్పుకార్డుల నిచ్చుటకు 2018 డిసెంబరు 31 గడువుగాఁ బెట్టెను. తాళము గట్టిపడెను.

తాళము గట్టిపడఁగా దొంగ యేమి చేసెను? తాళమును విడిచి యజమానిని పట్టెను. నేఁటి మోసగాఁడు తలుపు పగులఁగొట్టఁడు, మనచేతనే తీయించును. బ్యాంకునుండి యని పిలిచి, కేవైసీ ముగిసినది, ఖాతా నిలిచిపోవు నని భయపెట్టి ఓటీపీ అడుగును. బ్యాంకు పేరిట ఈమెయిలు పంపి దొంగ పుటకు దారి చూపును. పోలీసు దుస్తులతో వీడియోలోఁ గనఁబడి, నిన్ను డిజిటల్ అరెస్టు చేసితి ననును. అట్టి అరెస్టు మన చట్టములో లేనే లేదు. వీని కన్నిటికిని మూలము రెండే: భయము, ఆశ. రెండింటికిని తోడు తొందర.

ఇప్పుడు పాత ప్రశ్న క్రొత్త రూపమున మరల వచ్చినది. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న నిచ్చిన ఆజ్ఞలో, బ్యాంకుదిగాని ఖాతాదారునిదిగాని తప్పు లేక మూఁడవవారివలన సొమ్ము పోయినప్పుడు, బ్యాంకునుండి సమాచార మందిన మూఁడు పనిదినములలోఁ దెలిపినవానికి నష్ట ముండరాదనెను. ఏడు దినములలోపైన పరిమితి విధించెను. తప్పు ఖాతాదారునిదని ఋజువు చేయు భారమును బ్యాంకుమీఁదనే పెట్టెను. కాని రహస్యసంఖ్యను తానే చెప్పినవాఁడు, బ్యాంకునకుఁ దెలుపువఱకు జరిగిన నష్టమును తానే భరింపవలెను. 2023లో ఇంగ్లండు సుప్రీముకోర్టు, మోసపోయి 700000 పౌనులను స్వయముగాఁ బంపిన దంపతుల విషయమున, ఖాతాదారుఁడు తానే యిచ్చిన ఆజ్ఞను నెఱవేర్చిన బ్యాంకుది తప్పు కాదనెను. అయితే అచ్చటి నియంత్రణాధికారులు 2024 అక్టోబరు 7నుండి, దేశములోపల నిట్లు మోసపోయినవారికి 85000 పౌనులవఱకు, పంపిన బ్యాంకును పుచ్చుకొన్న బ్యాంకును చెఱిసగము భరించి తిరిగి యిచ్చునట్లు నియమ మేర్పఱచిరి. పుచ్చుకొన్న బ్యాంకుకూడ బదులు చెప్పవలె నన్న ఆ మాటలో మన షాహజోగు హుండీ నీతియే మరల వినవచ్చుచున్నది.

మనకుఁ గావలసిన పాఠము లీ చరిత్రలోనే యున్నవి. ఖాళీ జాగా విడిచిన చెక్కెట్టిదో ఇతరునకుఁ జెప్పిన ఓటీపీ యట్టిది. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను అక్కఱ లేదు, ఇచ్చుటకే కావలెను. పిలిచినవాఁడు బ్యాంకువాఁడే యనిన, మాట ఆపి, కార్డు వెనుక నున్న సంఖ్యకు మనమే పిలువవలెను. సొమ్ము పోయినచో వెంటనే బ్యాంకునకును, 1930 అను సంఖ్యకును తెలుపవలెను. సొమ్ము చేతులు మాఱకముందే దానిని నిలుపుటకు అవకాశ ముండును.

ఇన్నిటికంటె ముఖ్యమైనది మఱొకటి కలదు. పింఛను సొమ్ము పోఁగొట్టుకొన్న పెద్దలు అనేకులు, పిల్లలేమందురో యని సిగ్గుపడి నోరు మెదపరు. భార్యకొఱకై నోరు మూసికొన్న ఆ ఇంగ్లండువానివలెనే వారును సొమ్ముతోపాటు హక్కును కూడ పోఁగొట్టుకొందురు. మోసపోవుట నేరము కాదు, మోసగించుట నేరము. ఇంటిలో నట్టివారున్నచో వారిని గద్దింపక, ముందు టెలిఫోను చేతికిండు. వారు మాటాడిన ఘడియయే దొంగకుఁ జెడుగడియ.