విధి, విధానము: గోదావరి కట్టడముల చరిత్రపై ఒక పరిశీలన

భాషాంతరము చేయువారిని కొన్ని మాటలు చాలకాలము వెంటాడును. ‘విధి’ అట్టి మాటలలో ఒకటి. హిందీలో ‘విధి’ అనగా సామాన్యముగా పద్ధతి, పని చేయు తీరు. శాసనము అను అర్థము కూడ కలదు. తెలుగు కచ్చేరీలలో అది ఉద్యోగి కర్తవ్యము. కాని మన పల్లెలలో ‘విధి’ అన్నచో తలవ్రాత అనియే గ్రహింతురు. మూలము ఒక్కటియే. ఒక భాషలో అది మనుష్యుడు ఎంచుకొనునది. మరియొక భాషలో మనుష్యునికి ఎంచుకొను అవకాశమే లేనిది.

ఈ రెండర్థములును ఎదురుపడు ఊళ్లు దక్షిణ బస్తరులో ఉన్నవి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున బీజాపూర్ జిల్లాలోని ఆవపల్లి అట్టిది. అచ్చట ప్రభుత్వపు భాష హిందీ. ఆ ప్రాంతపు ఇండ్లలో వినవచ్చునవి గోండీ, తెలుగుతో పెనవేసికొనిన దోర్లీ. ఊరి పేరు చివర నున్న ‘పల్లి’ తెలుగువారికి పరాయిది కాదు. ఆవపల్లికి చేరువనున్న బాసగూడ ప్రక్కగా ప్రవహించు తాలిపేరు దక్షిణముగా సాగి, తెలంగాణమున చర్ల సీమలో ప్రవేశించి, గోదావరిలో కలియును. అటుపిమ్మట ఆ నీరు భద్రాచలమును, పోలవరమును, ధవళేశ్వరమును దాటి సముద్రమును చేరును. ఎగువ అడవిలో కురిసిన వాన దిగువ మాగాణికి పంటయో, వరదయో అగుచున్నది. అట్లే దిగువన ఎవరో ఎంచుకొనిన కట్టడపు విధానము ఎగువవారికి తలవ్రాతగా పరిణమింపవచ్చును.

పెద్ద కట్టడమును గూర్చిన నిర్ణయము లెక్కల పుస్తకములోని ప్రశ్న వంటిది కాదు. లెక్కలో ఇచ్చిన అంకెలు మారవు. నది విషయమున ఇసుక ఎంత లోతున్నదో, రాబోవు వరద ఎంతటిదో, కాలువ త్రవ్విన తరువాత రైతు ఆ నీటిని తీసికొనునో లేదో ముందుగా పూర్తిగా తెలియదు. కావున ఏ పద్ధతి గొప్పది అని అడుగుటకు ముందు, ఈ చోటికి, ఈ జనులకు, మనకున్న ఈ కొద్దిపాటి జ్ఞానమునకు ఏ పద్ధతి తగును అని అడుగవలెను. తెలుగుదేశపు నీటి కట్టడముల చరిత్రలో ఈ ప్రశ్న పలుమార్లు ఎదురైనది. దానిని అడిగినవారును కలరు, అడుగక ముందుకు సాగినవారును కలరు.

పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున గోదావరి మండలము క్షీణదశలో ఉండెను. నందన నామ సంవత్సరమున వచ్చిన కరవు 1833లో గుంటూరు సీమను పాడుచేసి, ఉత్తర సర్కారులన్నింటిని పీడించినది. 1839లో కోరంగి రేవును ఉప్పెన ముంచివేసినది. రాజమహేంద్రవర మండలపు జనసంఖ్య 1821 ప్రాంతమున సుమారు 7,38,000 ఉండగా, 1841 నాటికి 5,61,000కు దిగజారినది. ఇరుప్రక్కల నిండుగా గోదావరి పారుచుండగా జనులు నీరు లేక వలసపోవుటయే ఆ కాలపు విషాదము.

ఈ స్థితిని చక్కబెట్టుటకు పథకము వ్రాసినవాడు ఆర్థర్ కాటన్. అతడు 1821లో మద్రాసు వచ్చిన సైనిక ఇంజనీరు. గోదావరిని చేరుటకు పూర్వము అతడు కావేరి ప్రాంతమున పనిచేసి, 1836లో కొల్లిడమునకు అడ్డముగా రెండు ఆనకట్టలు కట్టించినాడు. అచ్చట అతనికి గురువైనది కల్లణై. కరికాల చోళునిదని పరంపరగా చెప్పబడు ఆ ప్రాచీన ఆనకట్ట గట్టి రాతినేలపై గాక నది ఇసుకపైననే నిలిచి యున్నది. అడుగు తెలియని ఇసుకలో పునాది నిలుపు ఉపాయమును తాము ఈ దేశపు పూర్వశిల్పులనుండియే నేర్చితిమని కాటన్ తరువాతి కాలమున బహిరంగముగా అంగీకరించినాడు. ఇసుకను తొలగించి రాతిని చేరుట ఒక విధానము. ఇసుకను ఇసుకగానే అంగీకరించి దానిపై బరువును పరచుట మరియొక విధానము. మొదటిదానికి ఆనాటి యంత్రబలము చాలదు. రెండవదానికి వందల సంవత్సరముల నిదర్శనము కన్నుల యెదుట ఉన్నది.

అయినను కాటన్ కల్లణైని యథాతథముగా తెచ్చి గోదావరిలో పెట్టలేదు. కొల్లిడముపై తన కట్టడములు నేర్పిన పాఠములు కూడ అతనియొద్ద ఉండెను. ఎగువ ఆనకట్ట కట్టిన పిమ్మట కావేరిలోనికి నీరు మితిమీరి పోవుటచే, ఆ నది మొగలో కూడ అడ్డుకట్ట కట్టవలసి వచ్చినది. ఆనకట్టపై నుండి దూకిన నీరు దిగువన గోతులు త్రవ్వునని, అచ్చట రాళ్లు పరచనిదే కట్టడము నిలువదని తెలిసినది. ఈ జ్ఞానముతో అతడు ధవళేశ్వరమును ఎన్నుకొన్నాడు. అచ్చట గోదావరి వెడల్పు సుమారు 4 మైళ్లు. వెడల్పు ఎక్కువ అగుటచే లోతు తక్కువ, వేగము తక్కువ. నడుమ లంకలు ఉండుటచే కట్టడమును ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు ఖండములుగా విభజించి కట్టవచ్చును. రాయి ప్రక్కకొండలోనే దొరకును. ఇసుకలో బావులు దింపి, వాటిపై రాతికట్టడము లేపి, దిగువన పెద్దరాళ్లు పరచినారు. 1847లో ఆరంభమైన పని 1852లో ముగిసినది. వేలకొలది కూలీలను నడిపిన వీణెం వీరన్న పేరు నేటికిని ఆ ప్రాంతమున గౌరవముతో స్మరింపబడుచున్నది.

ఈ చరిత్రలో గమనింపదగినది కాటన్ ధైర్యము మాత్రమే కాదు. అతడు ఎంచుకొనిన విధానములో దిద్దుబాటునకు చోటున్నది. ఇసుక క్రుంగినచోట రాళ్లు వేయవచ్చును. వరద కొట్టివేసినచోట మరల పరచవచ్చును. తరువాత ఆనకట్ట ఎత్తును కూడ పెంచినారు. అది ఒకనాడు పూర్తియైనదనుటకంటె, ఏటేటా సంరక్షింపబడినదనుట సత్యము. అట్లు అది నూరేండ్లకు పైగా పనిచేసిన పిమ్మట, 1970లో క్రొత్త బ్యారేజి పని ఆరంభమైనది.

ఇట్టి వివేకము నీటి కట్టడములకే పరిమితము కాదు. ఈనాడు లక్షలకొలది తెలుగు యువజనులకు జీవనాధారమైన సాఫ్ట్‌వేర్ రంగమున కూడ ఇదే వాదము నడచినది. 1970లో అమెరికా ఇంజనీరు విన్‌స్టన్ రాయిస్ పెద్ద ప్రోగ్రాముల నిర్మాణమును గూర్చి ఒక వ్యాసము వ్రాసినాడు. అవసరములను వ్రాసికొనుట, రూపకల్పన, రచన, పరీక్ష అను మెట్లను ఒకదాని వెంట ఒకటి వరుసగా దిగివచ్చు చిత్రమును అందు చూపినాడు. చాలమంది ఆ చిత్రమునే ఆదర్శముగా గైకొన్నారు. కాని అట్లు వెనుకకు చూడక దిగిపోవుట ప్రమాదకరమని ఆ వ్యాసములోనే అతడు హెచ్చరించినాడు. క్రొత్త రకపు పని అయినచో ముందొక చిన్న నమూనా కట్టి, దాని లోపములు తెలిసికొని, రెండవసారి అసలు పని చేయుడని సలహా ఇచ్చినాడు. కాటన్‌కు కొల్లిడము అట్టి మొదటి కట్టడము, గోదావరి రెండవది.

అయితే గెలుపు కూడ మనుష్యుని మోసగింపగలదు. డెల్టాలో ఫలించిన విధానము ఎల్లెడల ఫలించునను నమ్మకమే కర్నూలు–కడప కాలువకు ప్రాణము పోసినది. కాటన్ ప్రోత్సాహముతో ఏర్పడిన మద్రాసు ఇరిగేషను కంపెనీ, తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, అచ్చటి నుండి కడప వరకు సుమారు 190 మైళ్ల కాలువ త్రవ్వించినది. కంపెనీ మూలధనము 10 లక్షల పౌనులు. దానిపై నూటికి 5 వంతున వడ్డీ చెల్లింతుమని ప్రభుత్వము హామీ ఇచ్చినది. 1871 ప్రాంతమున నీరు పారినది గాని, రైతు ముందుకు రాలేదు.

అందుకు కారణము రైతు అజ్ఞానము కాదు. ఆ సీమలో విశాలమైన భాగము నల్లరేగడి. అది వాన తేమను చాలకాలము పట్టియుంచును. దానిపై జొన్నయు ప్రత్తియు వర్షాధారముననే పండును. మామూలు సంవత్సరములలో ఆ నేలకు కాలువనీరు పెట్టి నీటిపన్ను కట్టుట రైతుకు లాభసాటిగా తోచలేదు. 1876–78 నాటి ఘోర కరవులో ఆ నీటికి గిరాకి పెరిగినది. వానలు మరల కురియగనే తగ్గినది. 1882లో ప్రభుత్వమే కాలువను కొనవలసి వచ్చినది. గోదావరి డెల్టాలో వరిమళ్లు నీటికై ఎదురుచూచుచుండెను. కర్నూలులో నీరు మళ్లకై ఎదురుచూచినది. వడ్డీకి హామీ ఉండుటచే, ఎంపిక తప్పినను వాటాదారులకు వచ్చిన నష్టము స్వల్పము. అది భారతదేశపు ఖజానాపై, అనగా పన్ను కట్టువారిపై పడినది. నిర్ణయించువాడు ఒకడు, ఫలితమును భరించువాడు మరియొకడు అయినచోట విధానమును పరీక్షించు శ్రద్ధ సన్నగిల్లును.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచి వేలమందిని బలిగొన్నది. నిజాము ప్రభుత్వము పిలువగా మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1909లో వచ్చినాడు. నగరములో గోడలు ఎత్తు చేయుట అందరికిని తోచు ఉపాయము. అతడు నగరమును విడిచి ముందు ఎగువకు చూచినాడు. మూసీ పరీవాహమున వందలకొలది చెరువులు ఉన్నవి. ప్రతి చెరువునకు కట్ట, తూము, అలుగు ఉన్నవి; వేరువేరుగా చూచినచో ప్రతిదియు దాని ఊరికి తగిన కట్టడమే. కాని గొలుసుగా నున్న చెరువులలో పైది తెగినచో క్రిందిది నిలువదు. ఆ వరదలో 200కు పైగా చెరువులు తెగినవి. కావున నగరమునకు ఎగువననే వరదనీటిని నిలిపి మెల్లగా విడుచు రెండు జలాశయములను అతడు సూచించినాడు. ఉస్మాన్‌సాగరు 1920లో, హిమాయత్‌సాగరు 1927లో పూర్తియైనవి. విపత్తు కనబడిన చోటను గాక, అది పుట్టిన చోటను వెదకుట ఇందలి మేలు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఇదే ప్రశ్న కృష్ణానదిపై నందికొండ వద్ద మరల ఎదురైనది. సట్లెజ్ నదిపై భాక్రా ఆనకట్టను అమెరికా నిపుణుడు హార్వే స్లోకం పర్యవేక్షణమున భారీ యంత్రములతో కాంక్రీటుతో కట్టుచున్న కాలమది. ఆధునికతకు అదియే గుర్తు అని పలువురు భావించిరి. కాని 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమును రాతికట్టడముగా కట్టుటకు మన ఇంజనీర్లు నిశ్చయించినారు. సిమెంటు కొరత, విదేశీ ద్రవ్యపు కొరత ఒకప్రక్క; చేరువలో రాయి, పని కోరు వేలకొలది చేతులు మరియొకప్రక్క. కూలీలు పరంజాలపై నెత్తిన రాళ్లు మోసి 124 మీటర్ల ఎత్తు కట్టినారు. 1967లో కాలువలకు నీరు విడువబడినది. అది వెనుకబడిన పద్ధతి కాదు. దేశమునకు ఏది ఉన్నదో, ఏది లేదో ఎరిగి ఎంచుకొనిన పద్ధతి. అయితే ఆ బరువును మోసిన మెడలను గూర్చి చరిత్ర వ్రాసినది తక్కువ.

ఇక మరల గోదావరి. 1980లో వెలువడిన గోదావరి జలవివాద ట్రిబ్యునలు తీర్పు, రాష్ట్రముల ఒడంబడికల ఆధారముగా, పోలవరమునకు మార్గము ఏర్పరచినది. స్పిల్‌వేకు మొదట అనుకొనిన వరద 36 లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. ఊహలో గరిష్ఠముగా ఉన్నది దాదాపు కన్నుల యెదుటికి వచ్చినది. పిమ్మట ఆ లెక్కను 50 లక్షలకు పెంచినారు. నదియే వచ్చి అంకెను దిద్దినది.

పోలవరము వద్దను ఇసుక మిక్కిలి లోతు. కాటన్ ఇసుకపై బరువును పరచినాడు. నేటివారు ఇసుకను చీల్చి రాతివరకు డయాఫ్రం గోడను దింపినారు. ఎత్తయిన ఆనకట్టకు ఇది అవసరమే. కాని ఇట్టి గోడ ఏటేటా రాళ్లు వేసి సరిదిద్దుకొనదగినది కాదు. కాఫర్ ఆనకట్టలు పూర్తిగా మూసికొనకముందు 2020లో వచ్చిన వరద, వాటి ఖాళీలగుండా దూకి ఆ గోడను దెబ్బతీసినది. 2025 జనవరిలో క్రొత్త గోడ నిర్మాణము ఆరంభమైనది. దిద్దుబాటునకు చోటు తక్కువగా నున్న విధానమును ఎంచుకొనినప్పుడు, ఏ పని ముందు, ఏ పని వెనుక అను క్రమమే ప్రాణము.

ఈ ఆనకట్ట క్రింద లక్షకు పైగా కుటుంబములు ఊళ్లు విడువవలసినవి. వారిలో కోయలు, కొండరెడ్లు పెక్కుమంది. వెనుకనీరు శబరి వెంట బస్తరు దక్షిణపు కొసనున్న కోంటా సీమను, అచ్చటి దోర్లాలను తాకునను భయముతో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము సుప్రీం కోర్టును ఆశ్రయించినది. ఆవపల్లి ఆ మునకలో లేదు. కాని అచ్చటి భాష మాటలాడు జనులు ఉన్నారు; అచ్చటి వాననీరు ఉన్నది. ఇంద్రావతిపై బోధఘాట్ పథకమునకు 1979లో శంకుస్థాపన జరిగి, అడవిని గూర్చిన అభ్యంతరములచే పని సాగలేదు. ఆ రాయి పడిన నాటి నుండి ఆ లోయ ఊళ్లవారు తమ భూమి ఉండునో మునుగునో తెలియక ఒక తరమునకు పైగా గడిపినారు. ఎంపిక చేయకుండుట కూడ ఒకరికి తలవ్రాతయే అగును.

కాటన్ పూర్వశిల్పులను అడిగినాడు, నదిని అడిగినాడు. విశ్వేశ్వరయ్య ఎగువ చెరువులను అడిగినాడు. సాగరపు ఇంజనీర్లు దేశపు పేదరికమును అడిగినారు. కర్నూలు కాలువ కట్టినవారు రైతును అడుగలేదు. విధానమును ఎంచుకొనుటలో మొదటి మెట్టు గణితము కాదు, అడుగుట. ఎవరిని అడిగితిమి అనుదానిపైననే గణితములోనికి ఏ అంకెలు వచ్చునో ఆధారపడియున్నది. ఈ సుదీర్ఘ చరిత్రలో ఇంకను సరిగా అడుగబడనివారు ఎగువ అడవులలోని జనులు. హిందీలోని ‘విధి’లో వారికి పాలు కలిగిననాడు, తెలుగులోని ‘విధి’ వారికి అంత బరువు కాజాలదు.