పెట్టె వెనక గోడ

ఇంట్లో పాట సరిగా వినిపించకపోతే మనం ముందు స్పీకర్‌ని అనుమానిస్తాం, తర్వాత ఆంప్లిఫయర్‌ని, ఆఖరికి వైర్లని కూడా. గది మీదికి మాత్రం అనుమానం పోదు. చరిత్ర తిరగేస్తే ఇది విడ్డూరమే. గది శబ్దాన్ని ఏం చేస్తుందో లెక్క తేలింది ముందు, మనం ఈనాటికీ వాడుతున్న తరహా స్పీకర్ వచ్చింది తర్వాత. రైస్, కెలాగ్ అనే అమెరికన్ ఇంజినీర్లు ఆ స్పీకర్‌ని లోకానికి చూపించింది 1925లో. అంతకు 30 ఏళ్ల ముందే, 1895లో, హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి ఒక చిక్కు వచ్చిపడింది. కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో మాట మారుమోగిపోయి వినేవాళ్లకి ఏమీ అర్థమయ్యేది కాదు. దాని సంగతేమిటో చూడమని అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ వాలెస్ సబీన్ అనే కుర్ర భౌతికశాస్త్ర అధ్యాపకుడికి పురమాయించాడు. సబీన్ చేతిలో ఉన్నవి ఒక ఆర్గాన్ గొట్టం, కాలం కొలిచే సాధనం, తన చెవులు. ఊరు సద్దుమణిగాక రాత్రిళ్లు పనిచేసేవాడు. పక్కనున్న శాండర్స్ థియేటర్ సీట్ల మెత్తలు మోయించుకొచ్చి, వాటిని కొద్దికొద్దిగా పరుస్తూ, గొట్టం ఆపాక నాదం ఎంతసేపు నిలుస్తుందో కొలిచాడు. ఖాళీ హాల్లో అయిదున్నర సెకన్లు, మెత్తలన్నీ పరిచాక ఒక సెకను పైచిలుకు. తన ఒంటి మీది బట్టలు కూడా శబ్దాన్ని పీలుస్తున్నాయని గ్రహించి, పాత కొలతలు పక్కన పడేసి, ఆ తర్వాత ఎప్పుడూ ఒకే రకం బట్టలు వేసుకునే కొలిచాడట. తెరిచిన కిటికీ గుండా పోయిన శబ్దం తిరిగి రాదు కాబట్టి ఆ కిటికీ వైశాల్యాన్నే కొలమానంగా పెట్టుకున్నాడు. గది ఘనపరిమాణం పెరిగితే మారుమోత పెరుగుతుంది, పీల్చుకునే సరుకు పెరిగితే తగ్గుతుంది అన్న సూత్రం 1898లో కుదిరింది. ఆ లెక్క ఆధారంగా కట్టిన బోస్టన్ సింఫనీ హాల్ 1900 అక్టోబర్ 15న తెరుచుకుంది. దాన్ని ఇప్పటికీ ప్రపంచంలోని మేలైన సంగీతశాలల్లో ఒకటిగా లెక్కిస్తారు.

పెద్ద హాళ్ల లెక్క మన హాలుకి ఎలా పనికొస్తుందని ఎవరైనా అడిగితే, ఆ అభ్యంతరం న్యాయమైనదే. సబీన్ సూత్రం చిన్న గదికి పూర్తిగా అతకదు. అయితే చిన్న గది చేసే అల్లరి అంతకంటే ఎక్కువ, కాకపోతే వేరే రకం. ఎదురెదురు గోడల మధ్య తరంగాలు ఎక్కడ నిలబడతాయో లార్డ్ రేలీ 19వ శతాబ్దంలోనే రాసిపెట్టాడు. 12 బై 12 అడుగుల గది తీసుకోండి. గోడకీ గోడకీ మధ్య సుమారు 47 హెర్ట్జ్ దగ్గర ఒక తరంగం కుదురుకుంటుంది. ఆ స్వరం గోడ పక్కన హోరెత్తుతుంది, నట్టనడుమ దాదాపు మాయమవుతుంది. గది చతురస్రం కాబట్టి రెండు జతల గోడలూ ఒకే స్వరాన్ని పట్టుకుంటాయి, బెడద రెట్టింపు అవుతుంది. ఇక్కడ స్పీకర్ ఖరీదుకి ప్రమేయమే లేదు. కుర్చీని నాలుగడుగులు జరిపితే వచ్చే తేడా, వేల రూపాయలు పోసి స్పీకర్ మార్చినా రాకపోవచ్చు.

స్టీరియో సంగతికొస్తే, అమరిక అన్నది ఆ ఆవిష్కరణలోనే భాగం. లండన్‌లో ఈఎంఐ కంపెనీ ఇంజినీరు ఆలన్ బ్లమ్‌లీన్ 1931 డిసెంబర్‌లో పేటెంటు కోరింది రెండు చెవులకీ రెండు స్పీకర్లకీ మధ్య ఉండే సంబంధం గురించే. రెండు స్పీకర్ల నుంచీ వచ్చే శబ్దంలో తేడాని బట్టి గాయకుడు ఫలానా చోట నిలబడ్డాడని మెదడు నమ్ముతుంది. ఆ నమ్మకం నిలవాలంటే రెండూ వినేవాడికి సమాన దూరంలో, ఒకదానికొకటి తగినంత ఎడంగా ఉండాలి. బ్లమ్‌లీన్ 1942లో రాడార్ పరీక్షిస్తుండగా విమాన ప్రమాదంలో పోయాడు. స్టీరియో రికార్డులు బజారు నిండా వచ్చింది 1958లో. అప్పుడు వ్యాపారం చేసిందేమిటి? రెండు స్పీకర్లనీ ఒకే చెక్క బీరువాలో బిగించి, డ్రాయింగ్ రూమ్ ఫర్నిచర్‌గా అమ్మింది. తర్వాతి రోజుల్లో మన ఇళ్లలోకొచ్చిన టూ ఇన్ వన్ టేప్ రికార్డర్ అయితే మరీను, రెండు స్పీకర్ల మధ్య జానెడు ఎడం, దాని చోటేమో షోకేస్ అరలో. స్టీరియో అన్న అక్షరాలు ముందు మెరుస్తుండేవి, స్టీరియో మాత్రం ఉండేది కాదు.

గదిని లెక్కలోకి తీసుకున్న తయారీదారులు లేకపోలేదు. అర్కాన్సాస్ రాష్ట్రంలో పాల్ క్లిప్ష్ 1940ల్లో చేసిన స్పీకర్ గది మూలలోనే కూర్చోవాలి, అక్కడి రెండు గోడలూ దాని బాకాకి కొనసాగింపు. అమర్ బోస్ 1968లో తెచ్చిన 901 అనే పెట్టెలో తొమ్మిది స్పీకర్లుంటే ఎనిమిది వెనక గోడ వైపు తిరిగి ఉంటాయి. స్పీకర్ల కంపెనీలో పనిచేసిన రాయ్ ఆలిసన్, నేలా గోడలూ స్పీకర్ శక్తిని ఎలా మింగుతాయో, ఎలా పెంచుతాయో 1974లో లెక్కగట్టి ప్రచురించాడు. ఒకరు మూలకి తోశారు, ఒకరు గోడ వైపు తిప్పారు, మరి ఇందులో శాస్త్రం ఎక్కడుందని అడగొచ్చు. వాళ్ల పరిష్కారాలు వేరు గానీ, గోడ కూడా వాద్యంలో భాగమేనన్న మాట దగ్గర తగాదా లేదు. నా మటుకు బోస్ మార్గం అంత సబబుగా తోచదు. కచేరీ హాలు మారుమోత రికార్డులోనే ఉంటుంది, దాని మీద మన ఇంటి గోడల మోత ఇంకా పూయడం దేనికి?

చెవి గదికి అలవాటు పడిపోతుంది కదా అనేవాళ్లున్నారు. సగం నిజం. అసలు శబ్దం వెంట కొన్ని మిల్లీసెకన్లలో వచ్చే ప్రతిధ్వనిని మెదడు అసలు దానిలోనే కలిపేసుకుంటుందని హెల్ముట్ హాస్ 1949లో నిరూపించాడు. కానీ మంద్రస్థాయిలో ఈ సర్దుబాటు సాగదు. కంప్యూటర్ సరిదిద్దుతుంది అనేది ఇప్పటి వాదన. హోరెత్తే స్వరాన్ని అది తగ్గించగలదు, చెరిగిపోయిన స్వరాన్ని మాత్రం తిరిగి తేలేదు. స్పీకర్ వెనక గోడకి మీటరు దూరంలో ఉంటే, గోడని తాకి తిరిగొచ్చిన తరంగం 86 హెర్ట్జ్ దగ్గర ఎదురొచ్చి అసలు దాన్ని చెరిపేస్తుంది. అక్కడ శక్తి ఎంత పెంచితే ఎదురొచ్చేదీ అంతే పెరుగుతుంది. ఇక కాంక్రీటు గోడలు, గ్రానైట్ నేల ఉన్న మన ఫ్లాట్లు సబీన్ ఖాళీ హాలుకి దగ్గర చుట్టాలు. జంపఖానా పరిచి పల్చటి కర్టెన్ కడితే తీగల గరగర, తాళాల చురుకు తగ్గుతాయి, మంద్రస్థాయి హోరు అలాగే ఉండిపోతుంది. దానికి మందమైన పరుపులు, పుస్తకాలతో నిండిన బీరువాలు, అన్నిటికంటే ముందు సరైన చోటు కావాలి.

కొత్త స్పీకర్ల బేరానికి వెళ్లే ముందు ఉన్నవాటిని షోకేస్‌లోంచి దించండి. గోడకి ఎడంగా, మీ కుర్చీకి సమాన దూరంలో నిలబెట్టండి. కుర్చీ నట్టనడుమా వద్దు, వెనక గోడకి ఆనించీ వద్దు. ఒక పూట అటూ ఇటూ జరిపి వినండి, అప్పటికీ నచ్చకపోతే బజారుకి వెళ్లండి.